ఒకనాటి సాహసయాత్ర

‘సాహసం’ అనే మాటకు నేడున్న అర్థం వేరు, పూర్వం ఉన్న అర్థం వేరు. ప్రాచీన ధర్మశాస్త్రాలు బలప్రయోగంతో చేసే నేరాలను సాహసం అనే శీర్షిక కింద పేర్కొన్నాయి. ముందువెనుకలు చూడని దుడుకుతనమని ఆనాటి భావం. కాలక్రమంలో ఆ మాట గౌరవాన్ని సంతరించుకొని, ధైర్యంతో కూడిన మంచి ప్రయత్నానికి పేరయింది. ఈ రెండు అర్థాల నడుమ ఉన్న భేదం నిఘంటువులో కన్న కొండమీద, నదిమీద స్పష్టంగా తెలుస్తుంది. సెలవునాడు ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగివచ్చే చిన్న యాత్రలో సైతం మనిషి ఈ రెండింటిలో ఏదో ఒకదానిని ఎంచుకోక తప్పదు.

అటువంటి యాత్రలకు అనువైన నగరాలలో రాజమహేంద్రవరం ఒకటి. ఆదికవి నన్నయ భారతాంధ్రీకరణకు, కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణకు వేదికగా ప్రసిద్ధి పొందిన ఈ నగరం గోదావరి ఎడమ గట్టున వెలసింది. మహారాష్ట్రలో నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే గోదావరి, నగరం చేరేనాటికి మహానదిగా విస్తరిస్తుంది. 1997లో ఇక్కడ ప్రారంభమైన కమాను రైలువంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లంటే నది వైశాల్యాన్ని ఊహించవచ్చు. నగరానికి ఎగువన తూర్పుకనుమలు అడ్డుగా నిలిచాయి. పడమటి కనుమల వలె ఇవి ఎడతెగని శ్రేణి కావు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న నదులు వీటిని అక్కడక్కడ ఖండించుకొని సముద్రం వైపు సాగుతాయి. గోదావరి ఆ విధంగా కొండలను చీల్చుకొని వచ్చే చోటే పాపికొండలు.

నగరం నుండి యాత్రికులకు రెండు ప్రధాన మార్గాలున్నాయి. ఒకటి నదీమార్గం, రెండవది గిరిమార్గం. మొదటిది పాపికొండల నడుమ సాగే పడవ ప్రయాణం. స్త్రీల తలపై పాపిడి వలె నది కొండలను రెండుగా విడదీయడం వల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఆంగ్లేయులు వీటిని అడవిదున్నల కొండలన్నారు. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైన ఈ అడవుల విస్తీర్ణం వేయి చదరపు కిలోమీటర్లకు పైమాటే. పూర్వం పడవలు దిగువన ఉన్న రేవుల నుండి బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంలో భాగంగా 2021 జూన్‌లో నదీప్రవాహాన్ని స్పిల్‌వే గుండా మళ్లించారు. అందువల్ల యాత్రికులు ఆనకట్టకు ఎగువన, గండిపోచమ్మ ఆలయం వద్ద పడవలు ఎక్కుతున్నారు.

ఈ ప్రయాణంలో కనిపించే సౌందర్యానికి, పొంచి ఉండే ప్రమాదానికి కారణం ఒక్కటే. ఒక సెకనులో ఒక స్థలాన్ని దాటే నీటి పరిమాణం అక్కడి నది వెడల్పు, లోతు, ప్రవాహవేగాల లబ్ధం. మైదానంలో కిలోమీటర్ల మేర పరచుకొనే నీరు కనుమలో కొన్ని వందల మీటర్లకు ఒదిగి పోవలసి వస్తుంది. వెడల్పు తగ్గినపుడు లోతో, వేగమో పెరగక తప్పదు. వేసవిలో ఆ నీరు అద్దంలా నిలిచి కొండల నీడలను చూపుతుంది. వర్షాకాలంలో అదే నీరు మలుపుల వద్ద రాతిగోడలను ఢీకొని వెనుకకు మళ్లి సుడులు తిరుగుతుంది. పైకి నెమ్మదిగా కనిపించే సుడి కింద ఎంతటి బలం ఉన్నదో ఒడ్డునుండి చూసేవారికి తెలియదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన దుర్ఘటన ఈ సత్యాన్ని కఠోరంగా చాటింది. పాపికొండల విహారానికి వెళ్లిన పడవ సుడిగుండాల ప్రాంతంలో తలకిందులై మునిగిపోయింది. సమీప గ్రామాల గిరిజనులు నాటుపడవలతో వచ్చి చేతికందిన వారిని రక్షించారు. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. సుమారు 50 మంది జలసమాధి అయ్యారు. పడవను నదీగర్భం నుండి వెలికితీయడానికి అయిదు వారాలకు పైగా పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పనిని సాధించింది.

ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండవదానిని, 17 లక్షలకు మూడవదానిని జారీచేస్తారు. అనగా మొదటి హెచ్చరికకు కావలసిన నీటిలో సగమే ఆనాడు పారుతున్నది. ఆ హెచ్చరికలు ప్రధానంగా తీరగ్రామాలను వరదనుండి కాపాడడానికి ఉద్దేశించినవే గాని, కనుమలో పడవ నడపవచ్చునా, కూడదా అని తెలిపేవి కావు. హెచ్చరిక లేకపోవడం అభయం కాదని యాత్రికులు గ్రహించవలసి ఉన్నది. పడవ ఎక్కగానే జీవరక్షక కవచాన్ని, అంటే లైఫ్ జాకెట్‌ను ధరించాలి. దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుంటే ప్రయోజనం లేదు. పడవ ఒరిగినపుడు దానిని వెదికి తొడుక్కొనేటంత వ్యవధి ఉండదు. దృశ్యం చూడడానికి అందరూ ఒకేవైపుకు చేరడం, పరిమితికి మించి ఎక్కడం పడవ సమతౌల్యాన్ని చెరుస్తాయి.

రెండవదైన గిరిమార్గం రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సాగుతుంది. నగరం నుండి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అక్కడినుండి చింతూరు వైపు పోయే కనుమదారి దట్టమైన అడవిలో మెలికలు తిరుగుతుంది. రంపచోడవరం దగ్గర రంప జలపాతం, మారేడుమిల్లి పరిసరాలలో జలతరంగిణి, అమృతధార జలపాతాలు, గుడిస కొండపై పచ్చిక బయళ్లు చూడదగినవి. వెదురుబొంగులో మాంసం కూరి నిప్పులపై కాల్చే బొంగుచికెన్ ఇక్కడి ప్రత్యేక వంటకం.

నది తన ఉగ్రరూపాన్ని కొంతైనా ముందుగా చూపుతుంది. కొండవాగుకు ఆ ఓర్పు ఉండదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన, ఆకాశం నిర్మలంగా ఉన్న చోటికి సైతం కొద్ది నిమిషాలలో వరదగా దిగివస్తుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి ప్రాంతంలోని జలతరంగిణి వద్ద హఠాత్తుగా పెరిగిన ప్రవాహంలో కొట్టుకుపోయి ముగ్గురు వైద్యవిద్యార్థులు మరణించారు. సెలవు గడపడానికి మిత్రబృందంతో వచ్చిన యువతీయువకులు వారు. నీటి రంగు మారి బురదగా కనిపించినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకువస్తున్నా, ఎగువనుండి హోరు పెరిగినా తక్షణమే ఎత్తైన ఒడ్డుకు చేరాలి. అటువంటి సమయంలో వస్తువులకోసం వెనుకకు పోరాదు. నాచుపట్టిన రాళ్లపై నిలబడడం, ఛాయాచిత్రాల కోసం జలపాతం అంచుకు చేరడం సాహసమనే మాటకు పాత అర్థంలోకే వస్తాయి.

కొండ నడకకు కాలగణన ముఖ్యం. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సులభసూత్రాన్ని చెప్పాడు. దానిని నేటి కొలతలలో చెప్పుకొంటే, ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట లెక్కవేయాలి. రానుపోను 10 కిలోమీటర్లు నడిచి, మధ్యలో 600 మీటర్లు ఎక్కే బృందానికి ఈ లెక్క ప్రకారం మూడు గంటలు కావాలి. అలవాటు లేనివారికి మరో గంటన్నర, భోజన విశ్రాంతులకు ఒక గంట కలిపితే అయిదున్నర గంటలవుతుంది. డిసెంబరు మాసంలో ఈ ప్రాంతాన సూర్యుడు సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే అస్తమిస్తాడు. పదకొండు గంటలకు నడక ప్రారంభించిన బృందానికి చీకటి పడడానికి ముందు ఒక గంట మాత్రమే మిగులుతుంది. దారి తప్పినా, ఒకరి కాలు బెణికినా ఆ గంట చాలదు. అందుచేత బయలుదేరే ముందే వెనుదిరిగే వేళను నిర్ణయించుకోవాలి. ఆ వేళకు శిఖరం కనుచూపు మేరలో ఉన్నా మరలిరావడమే వివేకం.

సన్నాహాలు కూడ అవసరమే. తగినంత నీరు, టార్చిలైటు, ప్రథమచికిత్స పెట్టె, జారని బూట్లు వెంట ఉండాలి. అడవిలో సెల్‌ఫోను సంకేతాలు అందవు గనుక వెళ్లే చోటును, తిరిగివచ్చే సమయాన్ని ఇంటివారికి ముందే చెప్పాలి. పాము కాటువేస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం హానికరం. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా ఆ వ్యక్తిని శీఘ్రంగా ఆసుపత్రికి చేర్చాలి. సన్నాహం విలువను తెలుగుబిడ్డలే లోకానికి చూపించారు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. వారి విజయం ఒక్కనాటి తెగింపు కాదు. భువనగిరి ఏకశిలపై తొలిపాఠాలు నేర్చి, డార్జిలింగ్‌లోను, లడఖ్‌లోను శిక్షణ పొందిన తరువాతనే వారు ఎవరెస్టు వైపు అడుగుపెట్టారు.

యాత్రికుడు మరువరాని విషయం మరొకటి ఉన్నది. అతనికి ఒకనాటి విహారస్థలమైన ఆ అడవి, కొండరెడ్లకు తరతరాల నివాసం. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వీరి జీవనవిధానాన్ని అధ్యయనం చేసి 1945లో గ్రంథాన్ని ప్రచురించాడు. పోడు వ్యవసాయంపై, అటవీ ఫలసాయంపై ఆంగ్ల ప్రభుత్వం విధించిన ఆంక్షలు మన్యంలో అశాంతిని రగిలించాయి. 1922 - 24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటానికి ఈ కొండలే ఆశ్రయమిచ్చాయి. నేడు పోలవరం జలాశయం కారణంగా నదీతీరాన ఎన్నో గిరిజన గ్రామాలు తావు మార్చుకోవలసి వచ్చింది. ఇట్టి నేలపై అడుగిడేవారు అనుమతి లేకుండా ఇళ్లలోకి తొంగిచూడడం, మనుషులను వింతవస్తువులవలె ఫోటోలు తీయడం, ప్లాస్టిక్ చెత్తను విడిచిరావడం సంస్కారం కాదు. ‘ఈ వాగులో దిగవద్దు’ అని స్థానికుడు చెప్పిన మాటను మించిన మార్గదర్శిక లేదు. కచ్చులూరులో ఆపన్నులకు చేయూతనిచ్చినవారు ఈ తీరవాసులే.

కొండ ఎక్కినవాడు ఎంత ఎత్తు ఎక్కాడన్నది ఒక లెక్క, క్షేమంగా ఇల్లు చేరాడా అన్నది మరొక లెక్క. రెండవ లెక్క తప్పితే మొదటిదానికి విలువ లేదు. భయాన్ని ఎరుగనివాడు సాహసి కాడు. భయానికి గల కారణాన్ని తెలుసుకొని, దానికి తగిన ఏర్పాటు చేసుకొని ముందుకు సాగేవాడు సాహసి. సాగరాదని తెలిసిన క్షణాన తోటివారి ఎగతాళికి వెరవక వెనుదిరగగలిగితే అతడు మరింత సాహసి. గోదావరీ, పాపికొండలూ మరునాడు కూడ అక్కడే ఉంటాయి. వాటిని మళ్లీ చూడడానికి మనిషి ఉండాలి.

ప్రశ్నలు

1. సాహసం అనే పదానికి పూర్వం ఉన్న అర్థమేమి? అది ఎట్లు మారింది?
2. కనుమలో నదీవేగం పెరగడానికి కారణాన్ని వివరించండి.
3. వరద హెచ్చరిక లేనంతమాత్రాన పడవ ప్రయాణం క్షేమమని భావించరాదు. ఎందువల్ల?
4. మీ ఊరికి సమీపంలోని కొండకు గాని, వాగుకు గాని ఒకనాటి యాత్రను నైస్మిత్ సూత్రం ఆధారంగా రూపొందించి, వెనుదిరిగే వేళను నిర్ణయించండి.