గదిలో స్నేహం - గది అద్దె

ఒక నగరం. అందులో ఒక గది. గదిలో ఇరవై దాటి ముప్పై నిండని నలుగురైదుగురు స్నేహితులు. తల్లిదండ్రులు ఊళ్ళో ఉంటారు. పెళ్ళి ఇంకా కాలేదు. ఉద్యోగం ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఈ చట్రంలో అల్లిన నాటకాలు ప్రపంచ టెలివిజన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా వస్తున్నాయి. యువకులు ఇష్టంగా చూస్తున్నారు. ఇష్టపడడంలో తప్పేమీ లేదు. అయితే రచయితలుగా, సాహిత్య విద్యార్థులుగా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ గదికి అద్దె ఎవరు కడుతున్నారు?

ఇది ఎగతాళి ప్రశ్న కాదు. నగరంలో కలిసి బతకడం మొదట ఒక ఆర్థిక ఏర్పాటు. ఒక్కడి సంపాదనకు గది రాదు కనుక నలుగురు కలుస్తారు. స్నేహం ఆ తర్వాత పుడుతుంది. ముందే ఉంటే అక్కడ పరీక్షకు నిలుస్తుంది. ఈ పునాదిని చూపే కథకూ, దాచే కథకూ తేడా ఏమిటో పరిశీలిద్దాం.

ఈ కోవలో జగత్ప్రసిద్ధమైనది అమెరికా ధారావాహిక ‘ఫ్రెండ్స్’. 1994 నుంచి 2004 వరకు పది విడతలుగా 236 భాగాలు ప్రసారమైంది. న్యూయార్క్ నడిబొడ్డున వంటమనిషిగా పనిచేసే మోనికాకు అంత విశాలమైన ఇల్లు ఎలా వచ్చింది? అది ఆమె అమ్మమ్మ పేరు మీద, అద్దె నియంత్రణ చట్టం కింద ఉన్న ఇల్లని రచయితలు ఒక మాట చెప్పి దాటేశారు. ఆ ఒక్క మాటతో నగరంలో అతి పెద్ద సమస్య కథలోంచి తొలగిపోయింది. ఇక మిగిలింది ప్రేమలు, అలకలు, కాఫీ.

అయినా వాస్తవం ఒకసారి తలుపు తట్టింది. 1995లో ప్రసారమైన ఒక భాగంలో ఆరుగురిలో ముగ్గురు బాగా సంపాదిస్తుంటారు, ముగ్గురి చేతిలో డబ్బు ఉండదు. హోటల్లో బిల్లు సమానంగా పంచుకుందామన్నప్పుడు లేనివాళ్ళ ముఖాలు మాడిపోతాయి. ఉన్నవాళ్ళకు తమ ఉదారత కనిపిస్తుంది గాని ఎదుటివాళ్ళ అవమానం కనిపించదు. పదేళ్ళ ధారావాహికలో స్నేహం లోపలి వైరుధ్యం సూటిగా బయటపడ్డ ఘట్టాలలో అదొకటి. నవ్వు కూడా అక్కడ తగ్గలేదు. కనుక డబ్బు సంగతి ఎత్తితే హాస్యం చెడుతుందనే వాదన నిలబడదు.

ఆ ఆరు ముఖ్యపాత్రలూ తెల్లవాళ్ళే. దానికి ఒక ఏడాది ముందే, 1993లో, బ్రూక్లిన్‌లో కలిసి బతికే నల్లజాతి యువతీయువకుల కథ ‘లివింగ్ సింగిల్’ మొదలైంది. ప్రపంచమంతా తిరిగిన కీర్తి మాత్రం రెండవదానికే దక్కింది. మరో విశేషం: 1996లో ‘ఫ్రెండ్స్’ నటులు ఆరుగురూ విడివిడిగా బేరమాడడం మానేసి, అందరికీ సమాన వేతనం కావాలని కలిసి నిలబడ్డారు. చివరి రెండు విడతల్లో ఒక్కొక్కరికి భాగానికి పది లక్షల డాలర్ల చొప్పున సాధించుకున్నారు. తెర మీద నటించిన స్నేహం కన్నా తెర వెనుక పాటించిన ఐక్యత మనకు ఎక్కువ నేర్పుతుంది.

తెలుగులో ఈ వస్తువు టెలివిజన్ కన్నా ముందు వెండితెర మీదికి వచ్చింది. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’ 1981లో విడుదలయింది. ఢిల్లీలో ఒక గదిలో నిరుద్యోగ యువకులు. కథానాయకుడి నోట శ్రీశ్రీ కవిత్వం, కడుపులో ఆకలి. ఖాళీ కంచాల ముందు కూర్చుని కడుపునిండా భోంచేస్తున్నట్టు నటించే సన్నివేశం చూసినవాళ్ళు మరిచిపోలేరు. అక్కడ గది అలంకారం కాదు. కథను నడిపించే శక్తి. చదువుకున్న ఆ యువకుడు చివరికి క్షురకుడి పనికి చేరడంలో కులాన్నీ శ్రమనూ గురించిన ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నను సినిమా పూర్తిగా విప్పిందని అనలేం, కానీ లేవనెత్తింది.

టెలివిజన్‌కు వస్తే, 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ మనకు దగ్గరి ఉదాహరణ. గుణ్ణం గంగరాజు సృష్టి. అమృతం, ఆంజనేయులు ఇద్దరూ పెళ్ళయినవాళ్ళే కనుక ఇది అచ్చంగా గది కథ కాదు. అయినా హైదరాబాదులో అద్దె ఇళ్ళలో పక్కపక్కన ఉంటూ, ఎలాగైనా పైకి రావాలని పడే పాట్లే కథావస్తువు. అందులో ఇంటి యజమాని అప్పాజీ ఒక శాశ్వత పాత్ర. అద్దె భయమే హాస్యానికి ఊట. విజయవాడ నుంచి వచ్చిన నటుడు గుండు హనుమంతరావు పోషించిన అంజి పాత్రను జనం సొంతం చేసుకోవడానికి కారణం ఇదే: అతని భయం వాళ్ళ ఇళ్ళలోనూ ఉంది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. బందరులో బయలుదేరిన జాతీయ రహదారి పామర్రు, ఉయ్యూరు, బెజవాడల మీదుగా హైదరాబాదు చేరుతుంది. పామిడిముక్కల వైపు కుర్రవాడు ఆ రోడ్డే పట్టుకుంటాడు. సంచిలో ఆవకాయ, నెయ్యి, మినప సున్నుండలు. అమీర్‌పేటలో కోచింగు, ఎస్‌.ఆర్‌.నగర్‌లో ముగ్గురు పంచుకునే గది. అతని తండ్రి కౌలు రైతు అనుకుందాం. పంట వచ్చినా రాకపోయినా కౌలు కట్టాలి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా కొడుకు అద్దె కట్టాలి. ఊళ్ళో భూమి మరొకరిది, నగరంలో గోడలు మరొకరివి. ఆ గది అద్దె తరచు ఊళ్ళో అప్పుగా మారుతుంది. డెల్టా రచయితకు కౌలు సంగతి తెలుసు. అందుకే నగరపు గది లోగుట్టు అతనికి అందరికన్నా ముందు అర్థం కావాలి.

గది దొరకడమూ అందరికీ ఒకటి కాదు. బ్యాచిలర్లకు ఇవ్వమంటారు. శాకాహారులకే ఇస్తామని బోర్డు పెడతారు. ‘మీరేవిట్లు?’ అని మెల్లగా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక వెనక్కి వచ్చిన యువకుడి కథ ఏ నవ్వుల గదిలోనూ ఇమడదు. ఆడపిల్లల గది మరీ వేరు. హాస్టలు గేటు మూసే వేళ, ఇంటి నుంచి రోజూ వచ్చే ఫోను, జీతంలో తమ్ముడి ఫీజుకు వెళ్ళే వాటా - ఇవన్నీ ఆ గదిలో ఉంటాయి. గిన్నెలు తోమే వంతు ఎవరిది, జ్వరం వచ్చినవాడి వంతు అద్దె ఎవరు వేశారు, ఉద్యోగం వచ్చినవాడు గది మారినప్పుడు మిగిలినవాళ్ళు ఏమనుకున్నారు - ఇక్కడే పాత్రల స్వభావం తెలుస్తుంది.

అలాగని గది కథలను శోకగీతాలు చేయమని కాదు. లేమిలో పుట్టే హాస్యం గొప్పది. ‘అమృతం’ దానికి సాక్ష్యం. ఒకరి చొక్కా మరొకరు వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళే రోజులకు తమ అందం ఉంది. అయితే ఆ చొక్కా ఎందుకు అరువు తెచ్చుకోవలసి వచ్చిందో రచయిత మరవకూడదు. గది కథ రాయబోయే యువ రచయిత ముందు నెల ఖర్చుల చిట్టా రాసుకోవాలి: అడ్వాన్సు, అద్దె, కరెంటు బిల్లు, మెస్సు, ఇంటికి పంపేది, ఇంటి నుంచి వచ్చేది. ఏ అంకె ఎదుట ఎవరి పేరుందో తేలితే, ఆ స్నేహితులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడతారో, ఏం మాట్లాడకుండా దాస్తారో కూడా తేలుతుంది.