చేపల తొట్టిలో జావా నాచు

గప్పీ చేప గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. బియ్యపు గింజంత ఉండే ఆ పిల్లలను తొట్టిలోని పెద్ద చేపలు మింగివేస్తాయి. ఒక్కొక్కసారి కన్నతల్లే మింగుతుంది. దాగడానికి చాటు ఉంటేనే పిల్లలు బతుకుతాయి. అటువంటి చాటునిచ్చే మొక్కలలో తేలికగా పెరిగేది జావా నాచు. ఇది ఆగ్నేయాసియా మొక్క. దీని శాస్త్రీయ నామం టాక్సిఫిల్లం బార్బియరి. చాలాకాలం దీనిని వెసిక్యులేరియా డుబ్యానా అనే మరొక నాచుగా పొరబడ్డారు.

తొట్టి అద్దాలకు పట్టే జిగురు పాచిని కూడా వాడుకలో నాచు అనే అంటారు. కాని అది శైవలం. దానికి కాడలు, ఆకులు ఉండవు. జావా నాచుకు సన్నని కాడలు, వాటికి చిన్న చిన్న ఆకులు ఉంటాయి. పూలు, గింజలు ఉండవు. వేళ్లు కూడా లేవు! వేళ్లకు బదులు నూలుపోగులవంటి మూలతంతువులు ఉంటాయి. అవి రాతినో కొయ్యనో పట్టుకోవడానికే ముఖ్యంగా పనికివస్తాయి. నీటిలోని పోషకాలను ఆకులే పీల్చుకుంటాయి. అందుచేత దీనికి మట్టి అక్కరలేదు.

నాచును కడిగి, గరుకు రాతిపై పలుచగా పరచి దారంతో కట్టాలి. మందంగా పరిస్తే అడుగుపొరకు వెలుతురు అందక గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంది. మొదటి కొన్ని వారాలు ఎదుగుదల కనిపించదు. చచ్చిందనుకొని పారవేసేవారు ఈ దశలోనే తొందరపడతారు. నూలుదారం చివికిపోయేలోగా నాచు రాతిని పట్టుకుంటుంది. నున్నని రాయి అయితే నైలాన్ దారమే మంచిది.

నీటి వేడి 20 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు. వారానికొకసారి నాలుగోవంతు నీరు మార్చాలి. చేపల విసర్జనలే దీనికి ఎరువు. అసలు శత్రువు ఎండ. కిటికీలోంచి నేరుగా ఎండ పడితే శైవలాలు పెరిగి నాచులో చిక్కుకుంటాయి. తలలో పడిన చిక్కునైనా తీయవచ్చుగాని దీన్ని తీయడం కష్టం. ట్యూబులైటు వెలుతురు సరిపోతుంది.

గుబురు పెరిగాక కత్తెరతో కత్తిరించాలి. తెగిన ప్రతి ముక్కా మరో మొక్క కాగలదు. అందువల్ల ఆ ముక్కలను చెరువులోగాని కాలువలోగాని వేయకూడదు. అవి అక్కడా పెరిగి స్థానిక మొక్కల చోటును ఆక్రమించవచ్చు. మిగిలిన ముక్కలను తడి సంచిలో పెట్టి స్నేహితులకు ఇవ్వవచ్చు, లేదా ఎండలో బాగా ఎండబెట్టి చెత్తకుండీలో వేయాలి.