మతిమరుపు కంటే ముందే మాటలు జారిపోతే?

డిమెన్షియా అనగానే మనకి గుర్తొచ్చేది మతిమరుపే. కానీ కొందరిలో జ్ఞాపకాల కంటే ముందు మాటలు తగ్గుతాయి. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టేమో, దీని గురించి చదువుతుంటే ఒక లెక్క దగ్గర ఆగిపోయాను.

ఐరిస్ మర్డోక్ పేరున్న ఇంగ్లిష్ నవలా రచయిత్రి. 1978లో బుకర్ ప్రైజ్ గెలిచారు. 1995లో వచ్చిన చివరి నవల ‘జాక్సన్స్ డైలమా’కి మాత్రం విమర్శకులు పెదవి విరిచారు. ఆమెకి అల్జీమర్స్ అని తేలింది ఆ తర్వాతే. 1999లో చనిపోయారు. 2005లో లండన్ పరిశోధకులు ఆమె మొదటి నవల, బుకర్ నవల, చివరి నవల కంప్యూటర్‌లో వేసి పదాలు లెక్కపెట్టారు. వాక్య నిర్మాణం పెద్దగా చెడలేదు. కానీ కొత్త కొత్త పదాలు తగ్గిపోయాయి, అందరూ వాడే మామూలు మాటలే ఎక్కువయ్యాయి. ఆవిడ చేత్తో రాసేవారు, ఎడిటర్లని పెద్దగా వేలు పెట్టనిచ్చేవారు కాదు. అంటే ఆ పదాలు అచ్చంగా ఆవిడవే. డాక్టర్ల కంటే ముందు పుస్తకానికి తెలిసిపోయిందన్నమాట!

ముందు మాటనే దెబ్బతీసే జబ్బు ఇంకోటుంది, ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా. అమెరికా న్యూరాలజిస్ట్ మార్సెల్ మెసులమ్ 1982లో ఇలాంటి ఆరుగురి గురించి రాశారు. ‘డై హార్డ్’ హీరో బ్రూస్ విల్లిస్‌కి కూడా 2022లో ముందు అఫేసియా అనే చెప్పారు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అని కుటుంబం ప్రకటించింది 2023లో.

ఇందులో కొందరికి పదం తట్టదు. కొందరు ఒక్కో మాటా కూడబలుక్కుంటారు. ఇంకొందరికి అర్థమే పోతుంది. రోజూ వాడే గరిటెని చేతిలో పెట్టుకుని, ‘గరిటె అంటే ఏంటి?’ అంటారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగానే భయమేసింది.

అలాగని నాలుక చివర ఆగిపోయిన ప్రతి పేరూ జబ్బు కాదు. మా నాన్నమ్మ నన్ను పిలవాలంటే ముందు ముగ్గురు మనవళ్ల పేర్లు వరసగా పిలిచేది, ఆవిడ బ్రహ్మాండంగా ఉండేది. చూడాల్సింది తేడా. ఆర్నెల్ల కిందట గలగలా మాట్లాడిన మనిషి ఇప్పుడు అన్నిటికీ ‘అదీ... అదే’ అంటున్నారా? ఫోన్లు తప్పించుకుంటున్నారా? ‘వయసైపోయింది’, ‘బెట్టు చేస్తున్నారు’ అని వదిలేయకండి. న్యూరాలజిస్ట్‌కి చూపించండి. జబ్బుని వెనక్కి తిప్పే మందు ఇంకా లేదు, కానీ స్పీచ్ థెరపీతో ఉన్న మాటని కొంతకాలం నిలబెట్టుకోవచ్చు.

మాట ఉన్నట్టుండి పడిపోతే మాత్రం అది స్ట్రోక్ కావచ్చు. అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.