స్వయంచాలక గృహదీపాలు

చీకటిని పారద్రోలడానికి మానవుడు చేసిన ప్రయత్నాల చరిత్ర సుదీర్ఘమైనది. ఆముదపు ప్రమిద, కిరోసిన్ లాంతరు, విద్యుద్దీపం క్రమక్రమంగా వెలుగును పెంచాయి. కాని దీపాన్ని వెలిగించే పని, ఆర్పే పని మాత్రం మనిషి చేతిలోనే ఉండిపోయాయి. ఆ పనిని కూడా యంత్రానికి అప్పగించడమే గృహ స్వయంచాలనం. వాడుకలో దీనినే 'స్మార్ట్ హోమ్' అంటున్నారు.

ఇటువంటి వ్యవస్థకు మూడు అంగాలు ఉంటాయి. అవి గ్రహించేది, నిర్ణయించేది, ఆచరించేది. శ్రీకాకుళం జిల్లా హరిశ్చంద్రపురంలో ఒక పెంకుటిల్లు ఉందనుకుందాం. అర్ధరాత్రి ఇంటిలోని వృద్ధురాలు పెరటిలోకి వస్తుంది. ఆమె శరీరం నుండి వెలువడే పరారుణ కిరణాలను బట్టి సెన్సార్ కదలికను పసిగడుతుంది. కాంతిని గుర్తించే మరొక భాగం అది పగలో, రాత్రో తెలుపుతుంది. చీకటి, కదలిక రెండూ ఉన్నాయని తేలగానే విద్యుద్వలయం పూర్తయి దీపం వెలుగుతుంది. పాముకూ తేలుకూ వెరచుచు గోడమీద స్విచ్చి కోసం తడుముకొనే అవస్థ ఆమెకు తప్పుతుంది. ఈ దీపానికి ఇంటర్నెట్‌తో నిమిత్తం లేదు.

ఫోనుతో నడిచే దీపాల తీరు వేరు. ఉపాధికై దూరదేశం వెళ్ళిన కుమారుడు అక్కడినుండే ఇంటి వరండా దీపాన్ని వెలిగించవచ్చు. అయితే అతని ఆజ్ఞ సాధారణంగా దీపం తయారుచేసిన సంస్థ సర్వరుకు చేరి, అక్కడినుండి ఇంటిలోని వైఫై రౌటరు ద్వారా దీపాన్ని చేరుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా ఆజ్ఞ చేరదు.

పొదుపు విషయంలోనూ వివేచన అవసరం. 60 వాట్ల పాతకాలపు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 30 రోజులకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు 1.35 యూనిట్లు చాలు. అనగా పొదుపులో అధికభాగం బల్బును మార్చడం వల్లనే లభిస్తుంది. పైగా ఫోను ఆజ్ఞకై ఎదురుచూసే బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి విద్యుత్తును వాడుకుంటూనే ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరాన్ని దాటింది. ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. వేలాది విద్యుత్ స్తంభాలు కూలి గ్రామాలు అంధకారంలో మునిగాయి. విద్యుత్తు లేనినాడు ఎంత తెలివైన దీపమైనా నిరుపయోగమే. కనుక తుపానుల తీరంలో నివసించేవారు బ్యాటరీతో వెలిగే దీపాన్ని ఒకదానిని సిద్ధంగా ఉంచుకోవాలి.

కావున ఏర్పాటుకు ఒక క్రమం ఉండాలి. మొదట ఎర్తింగును, వైరింగును అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌చేత పరీక్ష చేయించాలి. తరువాత ఎల్.ఇ.డి. బల్బులు, ఆపైన పెరటికి, మెట్లకు సెన్సార్ దీపాలు అమర్చాలి. ఫోను నియంత్రణ చివరిది. దాని పాస్‌వర్డును గోప్యంగా ఉంచాలి. అన్నింటికంటే ముఖ్యంగా, గోడమీది స్విచ్చి ఎప్పటివలెనే పనిచేయాలి. ఫోను వాడడం తెలియని వృద్ధురాలు కూడా తన ఇంటి దీపాన్ని తన చేతితో వెలిగించుకోగలిగినప్పుడే స్వయంచాలనం సార్థకమవుతుంది.