ఎక్స్‌రే తీయించే ముందు ఏ ఊరి నీళ్లో చెప్పండి

మాది సింగరాయకొండ. కనిగిరి, పొదిలి వైపు మాకు చుట్టాలెక్కువ. ఆ పక్క ఊళ్లలో, పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే పెద్దోళ్లు కనపడతారు. "వయసు మీద పడింది, అంతే" అంటారు. నొప్పి బిళ్ల ఒకటి మింగి మళ్లీ పొలానికి పోతారు. అది వయసు పనో, నీళ్ల పనో తేల్చే దారుంది. అదేందో చూద్దాం.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బెర్నార్డ్, నాయర్ అనే నలుగురు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును పరిశీలించి రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ మనిషి ఎముకల్ని ఎట్టా పాడుచేస్తదో మన దేశంలో మొదట బయటపెట్టింది ఆ పరిశోధనే. వాళ్లలో బెర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులో 1934లో మొదలైన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. 1970లో గదా ఒంగోలు జిల్లా వచ్చింది!

ఎక్స్‌రే కిరణాలు కండలోంచి తేలిగ్గా పోతయి, ఎముక దగ్గర ఆగుతయి. అందుకే ఎముక తెల్లగా పడుద్ది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ చేరితే ఎముక చిక్కబడి, ఫిల్ములో సున్నం పూసినట్టు కనపడుద్ది. మోచేతికీ మణికట్టుకీ నడుమ ఉండే రెండెముకల మధ్య పల్చటి పొర ఒకటుంటది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర కూడా గట్టిపడి ఫిల్ములో తేలుద్ది. ఇది పెద్ద గుర్తు. వెన్నుపూసల్ని పట్టి ఉంచే కట్లు కూడా అట్టాగే బిగుసుకుంటయి, అందుకే మెడ తిరగదు. మామూలు కీళ్ల అరుగుదలలో కనపడేది వేరు: కీలు మధ్య సందు తగ్గిపోద్ది.

ఇక్కడే మన పని ఉంది. నడుం నొప్పి అని పోతే నడుం ఫిల్మే తీస్తారు. "ఇరవై ఏళ్లు ఫలానా ఊరి బోరు నీళ్లు తాగాడు" అని చెబితే, ముంజేయి కూడా తీయించాలని డాక్టరుకు తట్టుద్ది.

కాళ్లు తిమ్మిరెక్కి, నడక తూలుతుంటే ఎక్స్‌రే ఒక్కటే చాలదు. లోపల వెన్నుపాము నలుగుతోందా, ఏ పూస దగ్గర అనేది ఎమ్మారై చూపిద్ది. దానికి ఎక్స్‌రే కిరణాలుండవు, అయస్కాంతం, రేడియో తరంగాలతో పని. ఆపరేషన్ కావాలా, ఎక్కడ చెయ్యాలా అని సర్జన్ తేల్చుకునేది ఆ బొమ్మలు చూసే. సీటీ స్కాన్ 1971లో లండన్‌లో మొదటిసారి రోగికి తీశారు. అది ఎముకను పొరపొరగా చూపిద్ది గానీ మామూలు ఎక్స్‌రే కంటే కిరణాలు ఎక్కువ. అందుకే ఊరికే తీయించుకునేది కాదు. కడుపుతో ఉన్నోళ్లయితే ముందే చెప్పాలి.

ఒక సంగతి మరవొద్దు. ఫిల్ములో కనపడేసరికే ఆలస్యమైపోద్ది. వంగిన ఎముకను మందులు మళ్లీ మామూలు చెయ్యలేవు. పిల్లల గార పళ్లే మొదటి హెచ్చరిక. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బోరు నీళ్లను పరీక్ష చేయించండి. ఇంట్లో పెద్దోళ్లకు ఫిల్ము తీయిస్తే పారెయ్యకుండా దాచి, ఈసారి ఆస్పత్రికి వెంట తీసుకుపోండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే జబ్బు ఎంత ముదిరిందో డాక్టరుకు తెలుస్తది.