వరిలో బెట్టను తట్టుకొనే జన్యువులను గుర్తించడం

ఈ విభాగం చదివిన తరువాత, ఒక లక్షణం వెనుక ఉన్న జన్యువును వెతికే దశలను మీరు వివరించగలుగుతారు. జన్యుస్థానం దొరకడానికి, జన్యువు రుజువు కావడానికి ఉన్న తేడాను చెప్పగలుగుతారు.

1. పరిచయం

పొట్ట దశలో వాన ముఖం చాటేస్తే వరి చేను ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకులు చుట్టుకుంటాయి. కంకి సరిగా బయటికి రాదు, వచ్చినా తాలు ఎక్కువ. అదే నేలలో, అదే వానకు మరో రకం కొంత నిలబడుతుంది. ఈ తేడాకు కారణమైన జన్యువులేవి?

బెట్టను తట్టుకోవడం ఒకే లక్షణం కాదని ముందుగా గుర్తుంచుకోండి. వేర్ల లోతు, పత్రరంధ్రాలు మూసుకొనే తీరు, పంటకాలం ఇవన్నీ అందులో భాగాలే. అందుకే శాస్త్రజ్ఞులు స్పష్టంగా కొలవగలిగిన ఒక లక్షణాన్ని ఎంచుకుంటారు.

2. ఉదాహరణ: డీఆర్ఓ1 జన్యువు

ఐఆర్ 64 రకాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించింది. దిగుబడి బాగా ఇస్తుంది, కాని వేర్లు పైపైనే పరచుకుంటాయి. ఆ దేశపు మెట్ట వరి కినాండంగ్ పటోంగ్ వేర్లు లోతుకు దిగుతాయి. జపాన్‌లో యూసాకు ఉగా బృందం ఈ రెండింటి సంకరణ సంతతిని పరిశీలించింది.

(అ) కొలత: మొక్కలను వలబుట్టల్లో పెంచారు. మొత్తం వేర్లలో బుట్ట అడుగు భాగం నుంచి బయటికి వచ్చినవి ఎన్నో లెక్కించారు.

(ఆ) స్థానం: ఏ మొక్కకు ఏ జనకుని డిఎన్ఎ ముక్కలు వచ్చాయో మార్కర్ల ద్వారా చూశారు. లోతు వేర్లకు, 9వ క్రోమోజోమ్‌లోని ఒక భాగానికి బలమైన సంబంధం కనిపించింది. ఇలాంటి భాగాన్ని పరిమాణాత్మక లక్షణ స్థానం అంటారు. ఇది ఇంకా జన్యువు కాదు. ఊరు తెలిసింది, ఇల్లు తెలియలేదు.

(ఇ) కుదింపు: క్రాసింగ్ ఓవర్ వల్ల ఆ భాగం వేర్వేరు చోట్ల తెగిన మొక్కలను వెతికి, అనుమానిత ప్రదేశాన్ని ఒకే జన్యువు వరకు కుదించారు.

(ఈ) రుజువు: పదేపదే పశ్చ సంకరణం చేసి, కినాండంగ్ పటోంగ్ యుగ్మవికల్పాన్ని ఐఆర్ 64లోకి చేర్చారు. వేర్లు లోతుకు దిగాయి. తీవ్రమైన బెట్టలో ఐఆర్ 64 గింజ దాదాపు ఇవ్వనప్పుడు, ఈ మొక్కలు కొంత దిగుబడి నిలుపుకొన్నాయి. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

3. తేడా ఎక్కడ ఉంది?

ఈ జన్యువు రెండు రకాల్లోనూ ఉంది. ఐఆర్ 64లో ఒక్క క్షారం లోపించింది. దానివల్ల ముందే ఆపుడు సంకేతం ఏర్పడి, ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. పూర్తి ప్రోటీన్ ఉన్నప్పుడు వేరు కొన గురుత్వాకర్షణకు స్పందించి మరింత కిందికి వంగుతుంది.

పేరును చూసి పొరబడకండి. 'డీఆర్ఓ' అంటే కరువు కాదు, 'డీపర్ రూటింగ్', అంటే లోతైన వేరు. అడుగున తేమ ఉన్న నేలలోనే దాని ప్రయోజనం. పైనే రాతిపొర తగిలే నేలలో వేరు ఎక్కడికి పోతుంది?

4. ప్రజననంలో వినియోగం

జన్యువు పూర్తిగా తెలియకపోయినా మార్కర్ల సాయంతో మంచి రకం తయారు చేయవచ్చు. హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ ద్వారా వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 42 ఇందుకు ఉదాహరణ. ఇది 2వ, 4వ క్రోమోజోమ్‌లలోని రెండు బెట్ట దిగుబడి స్థానాలను చేర్చిన ఐఆర్ 64.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. (ఆ) దశలోనే ఆగితే మనం ఏమి చెప్పలేం?
2. మీ ప్రాంతపు నేలలో లోతు వేర్ల రకం ఉపయోగపడుతుందా? కారణం రాయండి.