అనంతగిరికి నేవీ వస్తోంది!

అనంతగిరి అంటే మనకు షూటింగులు, మూసీ పుట్టిన కొండలు. 2024 అక్టోబరులో ఆ దగ్గరే, దామగుండం అడవిలో నౌకాదళం వారి వీఎల్ఎఫ్ స్టేషనుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలేని చోట నేవీ ఏమిటంటారా? నీటి అడుగున జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి! అడవి పోతుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ దిగులు. నా మనసు మాత్రం రేపు అక్కడ పెరగబోయే పిల్లల మీదికి పోయింది.

నేనూ తిరుమలగిరి మిలిటరీ క్వార్టర్సులో పెరిగినవాణ్ణే. దర్శకుడు శ్యామ్ బెనెగల్ పుట్టిన చోటు! మైదానంలో తెర కట్టి సినిమా వేసేవారు. ముందు జాగా లేకపోతే తెర వెనక చేరేవాళ్ళం. అటునుంచి చూస్తే హీరోలంతా ఎడమచేతి వాటమే!

ఇంతలో ఎవరి నాన్నకో బదిలీ. మా స్నేహాల్లో ఒక్కదానికీ 'శుభం' కార్డు పడలేదు. అన్నీ ఇంటర్వెల్లోనే ఆగిపోయాయి.